డబ్బా దొరికినా తెరుచుకోదు: దక్షిణ తెలంగాణలో జియోక్యాచింగ్ పజిల్ పెట్టెలు

క్లుప్తంగా: జియోక్యాచింగ్ అంటే ఎవరో పెట్టిన డబ్బాను జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునే ఆట. ఇందులో డబ్బాను ఎవరికీ కనపడకుండా దాచడం ఒక పద్ధతి. డబ్బాను కళ్ల ముందే పెట్టి, తెరవడాన్ని కష్టం చేయడం ఇంకో పద్ధతి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మొదటి పద్ధతికి గుప్తనిధుల అనుమానం, కోతులు అడ్డొస్తాయి. రెండోదానికి ఎండ, తేమ, చెదలు అడ్డొస్తాయి. మొదటి రకం అడ్డంకులు మనుషులతో, జంతువులతో ముడిపడ్డవి కాబట్టి తీసేయడం కష్టం. రెండో రకం వాటిని తయారీలోనే సరిచేయవచ్చు.

ఫోన్‌లో దూరం 2 మీటర్లు అని చూపిస్తోంది. వేపచెట్టు పక్కన ఇనుప కడ్డీకి బిగించిన పీవీసీ పైపు ముక్క ఉంది. పైనుంచి తొంగి చూస్తే అడుగున చిన్న ప్లాస్టిక్ సీసా కనిపిస్తుంది, కానీ చెయ్యి అందదు. పైపును ఊడదీయడానికీ లేదు, తలకిందులు చేయడానికీ లేదు. దాని ఒంటి నిండా చిల్లులున్నాయి.

జియోక్యాచింగ్‌కు కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇలాంటి చోటే. డబ్బా కనపడింది కదా, ఆట అయిపోయినట్టే కదా అనుకుంటారు. నియమం వేరుగా ఉంది. లోపలున్న లాగ్‌బుక్‌లో, అంటే వచ్చినవాళ్లు సంతకం పెట్టే నోట్‌బుక్‌లో పేరు, తేదీ రాసినప్పుడే అది దొరికినట్టు లెక్క. కంటికి కనపడటానికీ, సంతకం పెట్టడానికీ మధ్య కావాలని పెట్టిన అడ్డంకే మెకానికల్ పజిల్.

ఆట పుట్టుక, ఒక మాటతో చిక్కు

2000 మే 1న అమెరికా ప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌లో అప్పటిదాకా కావాలని కలుపుతూ వచ్చిన తప్పును ఆపేస్తున్నామని చెప్పింది. దానితో 100 మీటర్ల దాకా ఉండే తేడా ఒక్కసారిగా తగ్గిపోయింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక ప్లాస్టిక్ బకెట్‌ను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఈ ఆట కోసం ప్రత్యేకంగా వెబ్‌సైట్ వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతటా 30 లక్షలకు పైగా ఇలాంటివి ఉన్నాయి.

దాచిన వస్తువును ఇంగ్లిష్‌లో 'క్యాష్' అంటారు. తెలుగులో పలికితే అది నగదు అన్న మాటతో కలిసిపోతుంది. నలుగురు కుర్రాళ్లు గుట్ట దిగుతూ "క్యాష్ దొరికింది" అని అరిస్తే దారిలో ఎదురైన గొర్రెల కాపరికి ఏమని వినపడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మాటతో మొదలైన ఈ అపార్థం ఎక్కడికి దారి తీస్తుందో కింద చూద్దాం. అందుకే ఈ వ్యాసంలో డబ్బా అనే మాటే వాడుతున్నాం. ఆడేవాళ్లు కూడా ఊళ్లో ఆ మాటే వాడటం మేలు.

కష్టాన్ని ఈ ఆటలో రెండు వేర్వేరు కొలతలతో చెబుతారు. డబ్బాను కనిపెట్టి తెరవడం ఎంత కష్టమో చెప్పేది ఒకటి, అక్కడికి చేరడం ఎంత కష్టమో చెప్పేది ఇంకొకటి. రెండూ 1 నుంచి 5 వరకు, అర పాయింట్ చొప్పున పెరుగుతాయి. గుట్ట మీద మామూలు స్టీల్ డబ్బా పెడితే రెండో అంకె పెరుగుతుంది. రోడ్డు పక్కన పజిల్ డబ్బా పెడితే మొదటిది పెరుగుతుంది. ఈ ప్రాంతానికి సంబంధించిన చర్చ అంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

దాచడమే సమస్యయ్యే చోటు

పాత గుడి వెనక, పాడుబడ్డ కోట బురుజు దగ్గర, చెరువు కట్ట కింద కొత్త మనుషులు ఫోన్ పట్టుకుని రాళ్లు కదిలిస్తూ తిరిగితే దక్షిణ తెలంగాణ పల్లెల్లో మొదట వచ్చే అనుమానం గుప్తనిధుల ముఠా అని. అది ఉత్త భయం కాదు. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ, ఖిల్లా ఘన్‌పూర్ లాంటి కోటలున్న నేల ఇది. నిధి కోసం గుళ్లలో విగ్రహాలను పెకిలించడం, రాత్రిపూట తవ్వడం, దానికి ముందు పూజలు చేయడం గురించి ఊళ్లలో అందరికీ తెలుసు. ఊరివాళ్లు అడ్డగించి పోలీసులకు అప్పగించిన సందర్భాలూ తరచూ వార్తల్లో కనిపిస్తాయి. అలాంటి చోట "ఇది ఆట" అని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మాల్సిన అవసరమూ వాళ్లకు లేదు.

చట్టం కూడా ఈ కోణంలోనే చూస్తుంది. మట్టిలో దాగి ఉన్న వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. జియోక్యాచింగ్ నియమాల్లో స్థలం యజమాని అనుమతి లేకుండా డబ్బాను పాతిపెట్టడానికి నేలను తవ్వకూడదని ఉంది. మిగతా దేశాల్లో అది ప్రకృతి రక్షణ కోసం పెట్టిన నియమం. ఇక్కడ అది ఆడేవాళ్ల రక్షణకు కూడా పనికొస్తుంది.

ఇంకో అనుమానం బాంబు. 2013 ఫిబ్రవరిలో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన పేలుళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రజలకు దూరపు వార్త కాదు. చదువుకో, పనికో, కోచింగ్‌కో ఆ రోడ్డు మీద తిరగని ఇల్లు ఇక్కడ తక్కువ. ఎవరిదో తెలియని టిఫిన్ డబ్బా కనపడితే ముట్టుకోవద్దని చిన్నప్పటి నుంచీ చెప్పి పెంచిన చోట, టిఫిన్ డబ్బానే దాచిపెట్టడం తప్పుడు ఎంపిక.

మూడోది కోతులు. సీసా మూత తిప్పి నీళ్లు తాగడం నేర్చిన కోతులకు బండ సందులో పెట్టిన డబ్బా ఒక లెక్క కాదు. తినడానికి ఏమీ లేకపోయినా లాగి, కొరికి, కిందికి విసిరేస్తాయి.

ఈ మూడు అడ్డంకులకూ మూలం ఒక్కటే: వస్తువు ఎవరిదో తెలియకపోవడం, చూసేవాళ్లు ఎవరూ లేకపోవడం. పజిల్ డబ్బా ఆ మూలాన్నే మారుస్తుంది. కష్టం తెరవడంలో ఉన్నప్పుడు దాన్ని దాచాల్సిన పని లేదు. స్థలం యజమానికి చెప్పి, నలుగురి కళ్ల ముందు, స్తంభానికి బోల్టుతో బిగించి పెట్టవచ్చు. బత్తాయి తోట గేటు పక్కన, గ్రంథాలయం ఆవరణలో, రచ్చబండ దగ్గర ఎక్కడైనా సరే. కోతి తిప్పి చూసి వదిలేస్తుంది. అడిగినవాళ్లకు తోట కాపలాదారే సమాధానం చెబుతాడు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. షాపులకు ప్రచారంగా మారే డబ్బాలను ఆట నియమాలు ఒప్పుకోవు. చాయ్ హోటల్ పక్కన చెట్టుకు బిగించవచ్చు గానీ, లోపలికి రావాలనో ఏదైనా కొనాలనో షరతు పెట్టకూడదు.

లోపల జరిగేది ఏమిటి

మొదట చెప్పుకున్న పైపుతోనే మొదలుపెడదాం. దాని సూత్రం కడవలో గులకరాళ్లు వేసిన కాకి కథ లాంటిదే. పైపులో నీళ్లు పోస్తే లోపలి సీసా తేలి పైకి వస్తుంది. చిల్లులు ఉన్నాయి కాబట్టి పోసినంతసేపూ వాటిని వేళ్లతో మూసి పట్టుకోవాలి. చిల్లుల సంఖ్యే ఇక్కడ కష్టాన్ని నిర్ణయిస్తుంది. ఒకరు రెండు చేతులతో పది చిల్లులకు మించి మూయలేరు, పైగా నీళ్లు పోయడానికి ఒక చెయ్యి కావాలి. కాబట్టి ఆరు చిల్లులు పెట్టినా ఒంటరిగా వచ్చినవాళ్లు ఆగిపోతారు. తయారుచేసేవాళ్లు దీన్ని కావాలనే వాడతారు, ఇద్దరు కలిసి వస్తేనే తెరుచుకునేలా.

నీళ్లు ఎన్ని కావాలో ముందే లెక్క వేసుకోవాలి. లోపలి వెడల్పు 5 సెంటీమీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లు ఉన్న పైపు నిండడానికి దాదాపు 1.2 లీటర్లు పడుతుంది. కారిపోయే నీళ్లు దీనికి అదనం. మే నెలలో నల్లగొండ దగ్గర తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లను ఇందులో పోయమనడం ప్రమాదం, అన్యాయం కూడా. బోరు, చేతిపంపు, చెరువు ఏదో ఒకటి పక్కనే ఉన్న చోటే ఈ రకం పెట్టాలి. ఎత్తును 30 సెంటీమీటర్లకు తగ్గిస్తే అర లీటరు పైచిలుకుతో సరిపోతుంది. అడుగున చిన్న చిల్లు ఒకటి తప్పనిసరి. లేకపోతే మిగిలిన నీళ్లలో దోమలు పెరుగుతాయి. ఆ చిల్లు ఇంకో పని కూడా చేస్తుంది: నీళ్లు వాటంతటవే పోయి, సీసా కిందికి దిగి, తర్వాత వచ్చేవాళ్లకు పజిల్ మళ్లీ మొదటి స్థితిలో సిద్ధంగా ఉంటుంది.

ఈ లక్షణానికి విలువ ఎక్కువ. తెరిచినవాళ్లు మూసి వెళ్తారని నమ్మకం పెట్టుకోవాల్సిన పజిల్ కంటే, తనంతట తాను మూసుకునే పజిల్ ఎప్పుడూ ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండో రకంలో భూమ్యాకర్షణ శక్తి పనిచేస్తుంది. చెక్క పెట్టె మూత లోపల చిన్న స్టీల్ పిన్నులు ఉంటాయి. పెట్టె నిటారుగా ఉన్నప్పుడు అవి కిందికి జారి మూతను పట్టుకుంటాయి. పెట్టెను ఒక వరుసలో, ముందు ఎడమకు, తర్వాత తలకిందులుగా, ఆపైన కుడికి వంచితే ఒక్కో పిన్ను తన గుంటలోకి వెనక్కి వెళ్తుంది. లోపల ఏం జరుగుతోందో కనపడదు, వినపడుతుంది. పిన్ను జారిన చిన్న చప్పుడే ఆధారం. ఈ రకాన్ని స్తంభానికి గట్టిగా బిగిస్తే వంచడం కుదరదు కాబట్టి చిన్న గొలుసుతో కట్టాలి. దీనికి దగ్గరి చుట్టం తిప్పితే తెరుచుకునే పెట్టె. అందులో పిన్నులు అడ్డంగా, మధ్య నుంచి అంచుల వైపు జరిగేలా ఉంటాయి. పెట్టెను నున్నటి బండ మీద పెట్టి బొంగరంలా గిర్రున తిప్పితే పిన్నులు బయటి వైపు జరిగి మూత వదులవుతుంది. లాగినా, గుద్దినా, వంచినా తెరుచుకోని పెట్టె ఒక్కసారి తిప్పగానే తెరుచుకోవడం చూసినవాళ్లు దాన్ని మర్చిపోరు.

మూడోది దారి తెలియని గొట్టం. ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉంటుంది. లోపలి గొట్టం మీద చిక్కుదారుల్లా గాడి చెక్కి ఉంటుంది, బయటి గొట్టానికి లోపలి వైపు చిన్న ముల్లు ఉంటుంది. ఆ ముల్లును కనపడకుండానే గాడి వెంట నడిపించుకుంటూ రావాలి. త్రీడీ ప్రింటర్లు వచ్చాక ఇవి బాగా పెరిగాయి. అయస్కాంతంతో లోపలి గడియను జరిపే రకమూ ఉంది. దానికి కావలసిన అయస్కాంతాన్ని దారంతో అక్కడే కట్టి ఉంచాలి.

నంబర్ తాళాలను చాలామంది పజిల్ కింద వాడతారు. ఇందులో ఒక లెక్క మర్చిపోతుంటారు. మూడంకెల తాళానికి ఉన్నవి 1,000 సంఖ్యలే. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా 33 నిమిషాల్లో అన్నీ తిప్పి చూడొచ్చు. నాలుగంకెలైతే 10,000, అదే వేగంతో ఐదున్నర గంటలు. మూడంకెల తాళం ముందు ఓపికున్నవాడికి ఆలోచనతో పనిలేదు. పైగా ఎర్రమట్టి దుమ్ము చక్రాల మధ్య చేరితే సరైన నంబర్ పెట్టినా తాళం రాదు. వచ్చినవాళ్లు తప్పు తమదే అనుకుని వెళ్లిపోతారు.

ఇలాంటి తెలివి మన పక్కనా పాతదే. తమిళనాడులోని దిండిగల్‌లో చేత్తో చేసే తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. తాళంచెవి పెట్టే రంధ్రం ఎక్కడుందో కనపడకుండా దాచిన తాళాలు మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. జపాన్‌లోని హకోనె ప్రాంతపు రహస్య పెట్టెలు ప్రపంచమంతా తెలిసినవి. పలకలను ఒక వరుసలో జరిపితేనే అవి తెరుచుకుంటాయి. కానీ అవన్నీ ఇంట్లో, నీడలో ఉండటానికి చేసినవి. ఆరుబయట, గుట్ట పక్కన పెట్టే పెట్టె సంగతి వేరు.

ఎండ, తేమ, చెదలు

త్రీడీ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. నల్లగొండలో మే నెల గాలి ఉష్ణోగ్రతే కొన్ని రోజుల్లో 45 దాటుతుంది. ఎండకు కాగిన నల్లరాతి బండ మీద, మూసి ఉన్న ముదురు రంగు డబ్బా లోపల 60 దాటడం పెద్ద విషయం కాదు. అంటే పీఎల్ఏతో చేసిన గొట్టం ఒక్క మధ్యాహ్నంలో వంకరపోయి, గాడిలో ముల్లు ఇరుక్కుపోవచ్చు. పీఈటీజీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ సుమారు 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఏఎస్ఏ అనే రకం ఇంకా ఎక్కువ వేడిని, దానితోపాటు సూర్యుడి అతినీలలోహిత కిరణాలను కూడా తట్టుకుంటుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు కూడా 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. చల్లబడ్డాక ఆ బలం పూర్తిగా తిరిగి రాదు.

చెక్క బాధ వానాకాలంలో మొదలవుతుంది. చెక్క తేమ పీల్చుకుని ఉబ్బేది నారకు అడ్డంగా ఉన్న దిశలోనే, పొడుగు దిశలో దాదాపు ఏమీ ఉండదు. అడ్డంగా 10 సెంటీమీటర్ల పలక ఎండాకాలానికీ శ్రావణమాసానికీ మధ్య 1 నుంచి 2 మిల్లీమీటర్లు పెరగొచ్చు. పిన్ను జారడానికి ఉంచిన సందు అర మిల్లీమీటరే అయితే జూలైలో ఆ పెట్టె పజిల్‌గా ఉండదు, ఉత్త మూసుకుపోయిన పెట్టెగా మిగులుతుంది. అనుభవమున్న వడ్రంగికి ఇది చెప్పనక్కర్లేదు. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపులను సరిచేసేది ఆయనే. కదిలే భాగాలను పొడుగు దిశలో పెట్టడం, పిన్ను జారే చోట ఇత్తడి గొట్టం దిగ్గొట్టడం ఆయన చేతిలో పని.

చెదల సంగతికి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. వందల ఏళ్ల ఆ మర్రిచెట్టుకు చెద పట్టి కొమ్మ విరిగిపడ్డాక, 2018లో సెలైన్ సీసాలతో కొమ్మలకు మందు ఎక్కించి కాపాడాల్సి వచ్చింది. నేలకు ఆనించి పెట్టిన ప్లైవుడ్ పెట్టె దాని ముందు ఎంత? మట్టి గూళ్లు కట్టే కందిరీగలు ఇంకో తలనొప్పి. పైపుకు పెట్టిన చిల్లులను అవి కొద్ది రోజుల్లోనే మూసేస్తాయి.

మరి ఇక్కడ నిలిచే సామాను ఏది? బోర్ల మీద బతికే ఈ జిల్లాల్లో సమాధానం ప్రతి ఊళ్లోనూ ఉంది. మిగిలిపోయిన పీవీసీ పైపు ముక్కలు, ఎండ్ క్యాప్‌లు, బాల్ వాల్వులు, తోటల్లో డ్రిప్ సామాను దొరుకుతాయి. పొలాల్లో ఎండలో పడి ఉన్నా ఈ పైపులు ఏళ్ల తరబడి పనిచేస్తుంటాయి. నాలుగు బాల్ వాల్వుల్లో ఏవి తెరిచి ఏవి మూస్తే నీళ్లు సరైన గొట్టంలోకి వెళ్తాయో కనుక్కోమనే పజిల్‌ను ఊరి ప్లంబర్ ఒక పూటలో బిగించగలడు. ఇత్తడి, స్టీల్ భాగాలు బయటికి కనపడేలా పెడితే పాత సామాన్ల బండికి చేరే ప్రమాదం ఉంది. అవి లోపలే ఉండటం మంచిది.

బలం ప్రయోగిస్తే

పజిల్ డబ్బాలు పాడయ్యేది ఎండ కంటే ఎక్కువగా ఓపిక లేని చేతుల వల్ల. పది నిమిషాలు తిప్పి చూసి, రాకపోతే స్క్రూడ్రైవర్ తీసేవాళ్లు ఉంటారు. వాళ్లను తిట్టి లాభం లేదు. డబ్బాను అలా చేయడంలోనే దీనికి మందు ఉంది. తాళానికి, పజిల్‌కు ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. తాళం మనిషిని ఆపితే చాలు. పజిల్ మాత్రం మనిషితో మాట్లాడాలి. తప్పు దారిలో వెళ్తే చిన్న చప్పుడో, ఎక్కడో తగిలిన ఆనవాలో తెలియాలి. ఏ జవాబూ ఇవ్వని డబ్బా ముందు నిలబడితే ఎవరికైనా టెన్షన్ పెరిగి, చెయ్యి రాయి కోసం వెతుకుతుంది.

బలం పెడితే విరిగేలా కాకుండా ఉత్తినే తిరిగేలా పిడిని బిగించడం ఒక ఉపాయం. పారదర్శకమైన అక్రిలిక్ మూత ఇంకా మంచి ఉపాయం. లోపలున్నది ఒక నోట్‌బుక్కే అని బయటి నుంచే కనపడితే పగలగొట్టాలన్న ఆశ సగం చస్తుంది. నిధి పుకారుకు కూడా అదే విరుగుడు. పనిముట్లేవీ అవసరం లేదన్న విషయాన్ని వెబ్‌సైట్‌లోని వివరాల్లో స్పష్టంగా చెప్పాలి. అక్కడికి వెళ్లాక పజిల్ విప్పాల్సి ఉంటుందని తెలిపే గుర్తు ఒకటి ఆ సైట్‌లోనే ఉంది, దాన్ని పెట్టాలి.

డబ్బానే పెట్టకూడని చోట్లు

ఎంత మంచి పజిల్ అయినా కొన్ని చోట్లకు పనికిరాదు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల లాంటి రక్షిత కట్టడాలకు మేకు కొట్టడం, జిగురు అంటించడం, గొలుసు చుట్టడం కుదరదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడమే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పు. నాగార్జునసాగర్, జూరాల ఆనకట్టల దగ్గర భద్రతా సిబ్బందికి చిక్కుముడి పెట్టె కనపడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అలాంటి చోట్ల కోసం డబ్బా లేని రకం ఉంది. 2004లో మొదలైన ఎర్త్‌క్యాష్‌లో వస్తువేదీ పెట్టరు. అక్కడి భూమి, రాయి గురించి అడిగిన ప్రశ్నలకు చూసి జవాబు రాయాలి. ఒకే బండలా లేచిన భువనగిరి గుట్టకు అది సరిగ్గా సరిపోతుంది. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా ఒకే చోట నిలిచే నీడ ఏ స్తంభానిదో చెప్పమని అడగడం కంటే గట్టి పజిల్‌ను ఏ వడ్రంగీ చేయలేడు. దాన్ని ముట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు.

డబ్బా మీద రాత

ఆట వెబ్‌సైట్ల నుంచి వచ్చే స్టిక్కర్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి. డబ్బాను మొదట చూసేది బర్రెలు కాసే పిల్లవాడో, ఉపాధి పనికి వెళ్లే మహిళో అయినప్పుడు ఆ స్టిక్కర్ వల్ల ఉపయోగం లేదు. తెలుగులో పెద్ద అక్షరాలతో, పట్టణాల్లో అయితే ఉర్దూలో కూడా, నాలుగు మాటలు ఉండాలి: ఇది ఆట డబ్బా. లోపల నోట్‌బుక్ తప్ప ఏమీ లేదు. ఇక్కడ పెట్టినట్టు స్థలం యజమానికి తెలుసు. తెరవడానికి బలం అక్కర్లేదు. కింద పెట్టినవాళ్ల ఫోన్ నంబర్ రాయాలి. పోలీస్ స్టేషన్‌లో, పంచాయతీలో ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఆ నంబర్‌కు ఫోన్ వచ్చే అవసరమే తక్కువ.

కంప్యూటర్ ప్రింట్ తీసి అంటించిన కాగితం ఒక్క ఎండాకాలానికే తెల్లబడుతుంది. బండ్లకు నంబర్ ప్లేట్లు రాసే పెయింటర్ చేత ఎనామెల్ రంగుతో రాయించడం మంచిది. అక్షరాలు వెలిసిపోయిన రోజు నుంచి అది మళ్లీ ఎవరిదో తెలియని డబ్బా అవుతుంది కాబట్టి, పెట్టినవాళ్లు ఎండాకాలం ముగిశాక ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి వెళ్లి చూసి రావాలి.